బొమ్మ లేని జనరల్ ఊళ్ళో నాలుగు రోజులు

మా ఇంట్లో యాంగోన్ అని ఎవరూ అనరు, రంగూన్ అని కూడా తక్కువే, రంగం అంటారు. శ్రీకాకుళం వైపు పాతవాళ్ళందరికీ అది రంగమే, కూలికి పోయినా వ్యాపారానికి పోయినా "రంగం ఎల్నాడు" అనేవారు. మా పెదమావయ్య పుట్టిందే అక్కడ, 1954లో. పదేళ్ళప్పుడు ఓడెక్కి విశాఖపట్నంలో దిగాడు, మళ్ళీ అటు వెళ్ళలేదు. రిటైరై ఖాళీగా ఉన్నాడు, మోకాళ్ళు ఇంకా మాట వింటున్నాయి, సరే పద మావయ్యా అని 2020 జనవరిలో నేనే బలవంతాన టికెట్లు తీశాను. ఒక్కటే షరతు పెట్టాడు. "పగోడాలు గిగోడాలు తర్వాత. ఆ నే విన్ గాడి బొమ్మ ఎక్కడైనా ఉంటే ఓపాలి ఎదురుగా నిలబడి సూడాల నాను."

నే విన్ అంటే 1962లో బర్మాని ఒక్క రాత్రిలో చేతుల్లోకి తీసుకుని 26 ఏళ్ళు వదలని జనరల్. మా తాత కొట్టు పోయింది ఆయన వల్లే, మేం విశాఖ వాళ్ళం అయింది ఆయన వల్లే, ఆ లెక్కన నేను పుట్టింది కూడా ఆయన వల్లేనేమో, మా అమ్మానాన్నల పెళ్ళి విశాఖలో, తిరిగొచ్చిన వాళ్ళుండే బర్మా క్యాంపులో కుదిరిన సంబంధం మరి.

మొదటి రోజు, జనవరి 22, బుధవారం

కలకత్తా నుంచి ఫ్లైటు రెండు గంటలు కూడా పట్టదు. మావయ్య అయితే 1964లో అదే సముద్రం మీద ఓడలో ఎన్ని రోజులు వాంతులు చేసుకుంటూ వచ్చాడో చెప్పుకుంటూనే ఉన్నాడు, పక్క సీటాయన టిఫిన్ తినడం ఆపేశాడు పాపం.

దిగాక డబ్బు మార్చుకునే దగ్గర మొదటి దెబ్బ. డాలర్ నోటు మీద మడత ఉంటే తీసుకోరు, గీత ఉంటే తీసుకోరు, నా ఆరు నోట్లలో రెండు వెనక్కి ఇచ్చేశారు. నేను గొణుగుతుంటే మావయ్య నవ్వుతున్నాడు. "నోటు సెల్లదంటే ఎలాగుంటాదో తెల్సిందా" అని. తర్వాత ఆయన జేబులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు, అందులో పాత బర్మా వంద క్యాట్ల నోటు, మీద వాళ్ళ స్వాతంత్ర్య నాయకుడు ఆంగ్ సాన్ బొమ్మ. మా తాత ఓడెక్కినప్పుడు ఎక్కడ కుట్టుకుని తెచ్చాడో ఎవరికీ తెలీదు. ఇన్నేళ్ళలో ఆ నోటు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. తమాషా ఏంటంటే మాకిచ్చిన కట్టలో కూడా ఆంగ్ సాన్ ఉన్నాడు, సరిగ్గా ఆ నెల 4న, వాళ్ళ స్వాతంత్ర్య దినం నాడు ఆయన బొమ్మతో కొత్త వెయ్యి నోటు విడుదలైంది, అంతకుముందు ముప్పై ఏళ్ళుగా మిలిటరీ వాళ్ళు కొత్త నోట్ల మీద ఆ బొమ్మ వెయ్యనే లేదు.

టాక్సీ ఎక్కితే ఇంకో వింత. బండి జపాన్ సెకండ్ హ్యాండ్, స్టీరింగ్ మనలాగే కుడి పక్క, కానీ రోడ్డు మీద నడిచేది కూడా కుడి పక్కే. ముందున్న బస్సుని దాటాలంటే డ్రైవర్‌కి ఎదురు కనపడదు, ముందు సీట్లో కూర్చున్నవాడు తొంగి చూసి చెప్పాలి, అంటే నేను. 1970 దాకా ఆ దేశం మనలాగే ఎడమ పక్క నడిచింది, నే విన్ మార్చాడు. జ్యోతిష్కుడు చెప్పాడని కొందరు, కలొచ్చిందని కొందరు, బ్రిటిష్ వాడి వాసన పోవాలని అని ఇంకొందరు, ఎవరి కథ వాళ్ళది. ఏదైతేనేం, ఎయిర్‌పోర్ట్ నుంచి ఊరి మధ్యనున్న సూలే దాకా గంటన్నరలో నేను మూడుసార్లు కళ్ళు మూసుకున్నాను.

సాయంత్రం సెక్రటేరియట్‌కి పోయాం. ఎర్ర ఇటుకల పెద్ద భవనం, ఊళ్ళో ఒక బ్లాక్ మొత్తం అదే, ఏళ్ళ తరబడి తాళం వేసి ఉంచి అప్పుడప్పుడే జనాన్ని రానిస్తున్నారు. 1947 జూలై 19న కేబినెట్ మీటింగ్ జరుగుతుండగా తుపాకులతో దూరి ఆంగ్ సాన్‌తో సహా తొమ్మిది మందిని చంపింది ఇక్కడే. ఆయనకప్పుడు 32 ఏళ్ళు. ఆయనా, నే విన్ ఇద్దరూ 1941లో జపాన్ వాళ్ళ దగ్గర హైనాన్ దీవిలో రహస్యంగా మిలిటరీ ట్రైనింగ్ తీసుకున్న ముప్పై మందిలో వాళ్ళే. నే విన్ అసలు పేరు షు మాంగ్, అంతకుముందు రంగూన్‌లో పోస్టాఫీసు గుమస్తా. నే విన్ అనేది ఆ ట్రైనింగ్‌లో పెట్టుకున్న పేరు, సూర్యుడి వెలుగు లాంటి అర్థం. ఆంగ్ సాన్ బతికుంటే ఈయన రెండో వరస మనిషిగానే ఉండిపోయేవాడని నా నమ్మకం. 1949లో కరెన్ల తిరుగుబాటు మొదలవగానే కరెన్ జాతివాడైన సైన్యాధిపతి స్మిత్ డన్‌ని పక్కన పెట్టి ఈయన్ని కూర్చోబెట్టారు, అక్కణ్ణుంచి సైన్యం అంటే నే విన్, నే విన్ అంటే సైన్యం.

గోడల మీద ఆంగ్ సాన్ ఫోటోలు బోలెడు. నే విన్‌ది వెతికాం, మాకైతే కనపడలేదు.

రెండో రోజు, జనవరి 23, గురువారం

పొద్దున్నే టీ కొట్టు. చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. మావయ్య 55 ఏళ్ళ తర్వాత బర్మీస్‌లో మాట్లాడాడు, పిల్లాడు నోరు తెరిచి చూసి పకపకా నవ్వాడు, ఎందుకంటే ఈయనకొచ్చింది పదేళ్ళ పిల్లల బర్మీస్, అది కూడా పాత కాలంది. అయినా మొహింగా వచ్చింది. చేపల పులుసులో సన్న సేమ్యాలాంటివి, పైన శనగపిండి వడ ముక్కలు. మావయ్య రెండు గిన్నెలు తిని కళ్ళు తుడుచుకున్నాడు, కారం అన్నాడు. అందులో కారం లేదు.

తర్వాత మొగల్ వీధి. ఇప్పుడు దాని పేరు ష్వేబొంతా, ఫ్రేజర్ వీధి అనవ్రఠా అయింది, పేర్లు మారినా వీధులు గళ్ళ నోటుబుక్కు లాగా తిన్నగా ఉన్నాయి కాబట్టి మావయ్య అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయాడు. 1931 లెక్కల్లో ఈ ఊరి జనాభాలో సగానికి పైగా మన దేశం వాళ్ళే, రేవులో మూటలు మోసేవాళ్ళూ బియ్యం మిల్లు కూలీలూ చాలామంది తెలుగువాళ్ళు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చారు కాబట్టి బర్మా వాళ్ళు మనల్ని కోరంగీలు అనేవారు, ప్రేమగా ఏం కాదు, 1930 మేలో రేవు కూలి పని దగ్గర మొదలైన గొడవల్లో తెలుగు కూలీల్ని వీధుల్లో వెంటాడి చంపారు. మా తాత అవన్నీ అయ్యాక వచ్చాడు, మొదట నది అవతల దాలా వైపు మిల్లులో, తర్వాత మొగల్ వీధి పక్క సందులో చిన్న కిరాణా కొట్టు.

కొట్టు దొరికింది! ఇప్పుడు కళ్ళద్దాల షాపు. మావయ్య బయట నిలబడి ఏడుస్తాడేమో అని నేను రెడీ అవుతుంటే ఆయన సరాసరి లోపలికి పోయి కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి ఫ్రేములు పెట్టుకుని చూడ్డం మొదలెట్టాడు. అరగంట. అద్దంలో చూసుకుంటున్నాడు అనుకున్నా, కాదు, అద్దంలోంచి వెనక పైకప్పు దూలాలు చూస్తున్నాడు. చివరికి ఎనిమిది వేల క్యాట్లు పెట్టి చదువుకునే అద్దాలు కొన్నాడు.

బయటికొచ్చాక చెప్పాడు. నేను ఇన్నాళ్ళూ అనుకున్నది ఏంటంటే నే విన్ 1962లో హఠాత్తుగా ఊడిపడ్డాడని, మా వాళ్ళందరూ మొదట్నుంచీ ఆయన్ని తిట్టుకున్నారని. కాదట. 1958లో ప్రధాని ఊ ను పార్టీ రెండు ముక్కలై కొట్టుకుంటుంటే, అక్టోబర్‌లో ఆయనే జనరల్‌ని పిలిచి పార్లమెంటు ద్వారానే ప్రధాని చేసి ఎలక్షన్లు పెట్టించమన్నాడు. పిలిచాడు అనడం కూడా మర్యాద మాటే, వెనకాల కల్నళ్ళు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. సైన్యం వచ్చింది, చెత్త ఎత్తించింది, ధరలు దించింది, గుడిసెల వాళ్ళని ఊరి బయట ఒక్కలాప్పాకి తరలించింది. "కాలవ కంపు పోయింది రా మన సందులో. మీ తాత ఏటన్నాడో తెల్సా, ఈడే శాశ్వతంగా ఉండిపోతే బాగుణ్ణు అన్నాడు. కొట్టుకొచ్చినోళ్ళందరితో అదే మాట." 

1960లో ఎలక్షన్లు పెట్టాడు, సైన్యానికి ఇష్టం లేని ఊ నూయే మళ్ళీ గెలిచాడు, అయినా నే విన్ మర్యాదగా కుర్చీ దిగిపోయాడు. ప్రపంచమంతా మెచ్చుకుంది. అసలు కిటుకు అక్కడే ఉందని నాకు ఆ ఫుట్‌పాత్ మీద నిలబడి ఉండగా అనిపించింది, ఒకసారి తాళం తిరిగిచ్చిన వాణ్ణి రెండోసారి ఎవరూ అనుమానించరు కదా, పైగా ఆ ఏడాదిన్నరలో ఏ ఆఫీసులో ఏ మీట నొక్కితే ఏం కదుల్తుందో మిలిటరీ వాళ్ళకి పూర్తిగా తెలిసిపోయింది.

1962 మార్చి 1 రాత్రి నే విన్ చైనా నుంచి వచ్చిన బ్యాలే ప్రదర్శనకి వెళ్ళి, చూసి, నాట్యం చేసినామెకి చెయ్యి కలిపి ఇంటికెళ్ళాడు. తెల్లారేసరికి ట్యాంకులు రోడ్ల మీద. ఊ ను, మంత్రులు, చీఫ్ జస్టిస్ అందరూ అరెస్టు. షాన్ రాష్ట్రం నాయకులు అప్పుడే ఫెడరల్ హక్కుల మీద చర్చలకని రంగూన్ వచ్చి ఉన్నారు, ఒక్క చోటే అందరూ దొరికారు. పొద్దున రేడియోలో నే విన్ గొంతు, దేశం పరిస్థితి బాగా పాడైపోయింది కాబట్టి సైన్యం బాధ్యత తీసుకుంది అని. రక్తం చిందని తిరుగుబాటు అని రాస్తుంటారు, కానీ ఆ రాత్రి బర్మా మొదటి ప్రెసిడెంట్ సావ్ ష్వే తైక్ ఇంట్లో 17 ఏళ్ళ కొడుకుని కాల్చేశారు, ఆ ప్రెసిడెంట్ కూడా అదే నవంబర్‌లో జైల్లో పోయాడు. మరి ఆ రోజు కొట్టులో తాత ఏమన్నాడు మావయ్యా అంటే, "ఏటంతాడు, బియ్యం రేటు తగ్గుద్ది అన్నాడు" అన్నాడు.

రెండేళ్ళకి, 1964లో, దుకాణాల జాతీయం. సైనికులు జాబితా పట్టుకుని వచ్చి పప్పు డబ్బాల దగ్గర్నుంచి లెక్కరాసి, ప్రజల దుకాణం అని నంబరు వేసిన బోర్డు తగిలించారు. ఆ రోజు నుంచి తాత తన కొట్లో తనే అడుగు పెట్టకూడదు. మే 17న 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. ఇంక ఓడే. ఆ కొద్ది ఏళ్ళలో మూడు లక్షల మంది దాకా అలా ఓడలెక్కారు, మద్రాసుకి కొందరు, కలకత్తాకి కొందరు, మా వాళ్ళు విశాఖకి. రేవులో ఆడవాళ్ళ ఒంటి మీద బంగారం కూడా తీయించారని మా అమ్మమ్మ చెప్పేది, పుస్తెల దాకా.

సాయంత్రం గుడి దగ్గర ఒక పెద్దావిడ మా మాట విని ఆగి "మనోళ్ళేనా?" అంది. ముఖానికి థనాకా చెక్క అరగదీసిన పూత, కట్టింది లుంగీ, మాట మాత్రం అచ్చం మా పలాస మాట. వెళ్ళిపోని వాళ్ళలో ఒకామె. 1982లో నే విన్ తెచ్చిన పౌరసత్వ చట్టం ప్రకారం మూడు రకాల కార్డులు, గులాబీది పూర్తి పౌరులకి, నీలం, ఆకుపచ్చవి ఆ కిందవాళ్ళకి. ఆమెది ఆకుపచ్చ. అక్కడే పుట్టి అక్కడే ముసలైపోయింది. అదే రాత్రి హోటల్ టీవీలో హేగ్ వార్త, రోహింగ్యాల విషయంలో అంతర్జాతీయ న్యాయస్థానం మయన్మార్‌కి ఆదేశాలిచ్చింది. దాని మూలంలో ఉన్నదీ ఆ 1982 చట్టమే, మావయ్యకి చెప్తే టీవీ ఆపెయ్యమన్నాడు.

మూడో రోజు, జనవరి 24, శుక్రవారం

టాక్సీ మాట్లాడుకుని యూనివర్సిటీ వైపు. చెట్ల కింద నుంచి చూస్తే మెయిన్ గేటు దగ్గర ఒక చోట ఖాళీ స్థలం, అంతే, చూడ్డానికి ఏమీ లేదు. ఒకప్పుడు అక్కడ స్టూడెంట్స్ యూనియన్ బిల్డింగ్, ఆంగ్ సాన్ లాంటి వాళ్ళు కుర్రాళ్ళుగా ఉపన్యాసాలిచ్చిన చోటు. 1962 జూలై 7న హాస్టల్ రూల్స్ మీద మొదలైన నిరసన మీద సైన్యం కాల్పులు జరిపింది, ప్రభుత్వం లెక్క ప్రకారమే పదిహేను మంది దాకా పోయారు, మర్నాడు పొద్దున్నే బిల్డింగ్‌ని డైనమైట్‌తో లేపేశారు. ఆ రోజు రేడియోలో నే విన్ కత్తికి కత్తి, బల్లేనికి బల్లెం అన్నాడు. 26 ఏళ్ళ తర్వాత, 1988 జూలైలో దిగిపోతూ చేసిన ప్రసంగంలో మాత్రం ఆ బిల్డింగ్ కూల్చమన్నది నేను కాదు అని పాత డిప్యూటీ మీదకి తోశాడు. అదే ప్రసంగంలో సైన్యం కాల్చిందంటే గాల్లోకి కాల్చదు, తగిలేలాగే కాలుస్తుంది అని కూడా చెప్పి దిగాడు. సరిగ్గా పదహారు రోజులకి ఆగస్టు 8న ఊరంతా రోడ్డు మీదకొచ్చింది, అన్నట్టే కాల్చారు.

ఇన్యా లేక్ గట్టు మీద జంటలు గొడుగుల కింద కూర్చుని ఉన్నారు. ఒక ఒడ్డున ఆంగ్ సాన్ కూతురు ఆంగ్ సాన్ సూచీని ఏళ్ళ తరబడి బంధించిన ఇల్లు, ఇంకో ఒడ్డున నే విన్ ఇల్లు ఉండేది. నీళ్ళు మధ్యలో. చివరికి ఆయన్నీ ఆ ఇంట్లోనే బంధించారు, 2002లో, అల్లుడూ మనవలూ కుట్ర చేశారని అరెస్టు చేసి. తను తయారు చేసిన సైన్యమే. డిసెంబర్ 5న పోయాడు, ప్రభుత్వ లాంఛనాలేం లేవు, అదే రోజు దహనం చేసేసి బూడిద నదిలో కలిపారు.

"అయితే సమాధి కూడా లేదన్నమాట" అన్నాడు మావయ్య. కోపమో నిరాశో అర్థం కాలేదు, ఎంత తిరిగినా తిట్టడానికి ఒక రాయి కూడా దొరకట్లేదు మనిషికి. పక్కన ఐస్‌క్రీమ్ వాడి దగ్గర రెండు కొనిచ్చాను.

ఆ రోజు ఇద్దరం ఆ గట్టు మీద కూర్చుని ఇదంతా అయిపోయిన కథ అనే అనుకున్నాం. ఏడాది తిరిగి ఒక వారం దాటిందో లేదో, 2021 ఫిబ్రవరి 1న మిన్ ఆంగ్ హ్లయింగ్ అనే ఇంకో జనరల్ అలాగే తెల్లారకముందు మంత్రుల్ని లేపుకుపోయాడు. నవంబర్ ఎలక్షన్లలో మోసం జరిగింది అని సాకు, ఆ జూలైకి ఆయన రిటైర్ అవ్వాల్సి ఉంది అనేది అసలు సంగతి అని అందరూ అన్నారు. మావయ్య ఫోన్ చేసి హలో కూడా అనకుండా "ఈడు ముందు కాలవలు కూడా సుబ్రం సెయ్యలేదు రా" అని పెట్టేశాడు.

రాత్రి చైనాటౌన్‌లో కొత్త సంవత్సరం సందడి, ఎర్ర లాంతర్లు, చాలా రద్దీ, కాళ్ళు నొప్పులని త్వరగా వచ్చేశాం.

నాలుగో రోజు, జనవరి 25, శనివారం

ష్వేడగాన్, ఊళ్ళోని పెద్ద బంగారు పగోడా. విదేశీయులకి టికెట్ అప్పట్లో పదివేల క్యాట్లు. మావయ్య నేను ఇక్కడ పుట్టినోణ్ణే అని వాదించి చూశాడు, పుట్టిన ఊళ్ళో టికెట్ కొనుక్కోవాల్సొచ్చిందని రోజంతా సణిగాడు. బంగారం గురించి నేనేం రాయను, ఫోటోలు అందరూ చూసే ఉంటారు, ఫోటోల కంటే బాగుంది. పుట్టిన వారాన్ని బట్టి ఒక్కో మూల ఒక్కో బుద్ధుడికి నీళ్ళు పొయ్యాలి, బుధవారాన్ని పొద్దున, సాయంత్రం అని రెండు చేసి ఎనిమిది మూలలు సరిపెట్టారు. మావయ్య శనివారం పుట్టాడు, శనివారమే వచ్చాం, అది మాత్రం ఆయనకి బాగా నచ్చింది.

దిగి దక్షిణం వైపు వస్తే పక్కనే ఇంకో పగోడా, మహా విజయ. గుండ్రంగా, లోపల బోలుగా, కప్పు మీద నక్షత్రాలు వేసి ఉన్నాయి. 1980లో నే విన్ హయాంలో మొదలుపెట్టి కట్టించింది. సోషలిజం అన్నాయన పాత రాజుల్లాగా గుడి కట్టించుకున్నాడు. మావయ్య లోపలికి రాలేదు, చెప్పులు విప్పలేదు, గేటు దగ్గరే నిలబడి కొత్త అద్దాలు పెట్టుకుని కాసేపు పైకి చూశాడు. "ఇదేరా ఆడి బొమ్మ" అన్నాడు. అంతే, ఫోటో తియ్యనివ్వలేదు.

మధ్యాహ్నం బోజో మార్కెట్. బోజో అంటే జనరల్, ఆంగ్ సాన్ పేరే. లక్కవస్తువులు, పచ్చరాళ్ళు, బేరాలు. లోపల ఒక మూల పాత నోట్ల ఆల్బమ్ పెట్టుకున్న కుర్రాడు. అందులో చూశాను 35 క్యాట్ల నోటు, 75 క్యాట్ల నోటు, 45, 90! నే విన్‌కి 75 ఏళ్ళు వస్తున్నాయని 75 నోటు వేశారని చెప్పుకునేవారట, 1987 సెప్టెంబర్‌లో మళ్ళీ 25, 35, 75 నోట్లన్నీ రాత్రికి రాత్రి రద్దు చేసి, తొమ్మిది ఆయనకి కలిసొచ్చే అంకె అని, తొమ్మిదితో భాగించబడే 45, 90 వేశారు. మా వాళ్ళ నోట్లు పోయిన 23 ఏళ్ళకి బర్మా వాళ్ళ నోట్లూ అలాగే పోయాయి, నష్టపరిహారం ఏమీ లేకుండా, మర్నాటికి కాలేజీ ఫీజుకి డబ్బుల్లేని కుర్రాళ్ళు రోడ్డెక్కారు, 1988 అక్కణ్ణుంచే మొదలైంది.

మావయ్య నెమ్మదిగా ప్లాస్టిక్ కవరు తీసి వంద నోటు ఆ కుర్రాడి ముందు పెట్టాడు. వాడు లైటుకి ఎత్తి చూశాడు, మడత చూశాడు, అంచు చూశాడు. రెండు వేలు. మావయ్య తల అడ్డంగా ఊపాడు. పదేళ్ళ పిల్లల బర్మీస్‌లో బేరం. చివరికి మూడు వేలు, మూడు వెయ్యి నోట్లు, అందులో ఒకటి కొత్తది, ఆంగ్ సాన్ ఉన్నది.

అమ్మేశాడు! నాకు కడుపు రగిలిపోయింది. అదేంటి మావయ్యా, తాత దాచింది, 55 ఏళ్ళు ఉంచుకుని, నాకిచ్చినా దాచుకునేవాణ్ణి కదా అని వెనకాలే నడుస్తూ అరుస్తున్నాను. ఆయన పట్టించుకుంటేగా. "దాసుకుంటే కాయితం రా. ఇప్పుడు సెల్లింది."

బయట టీ కొట్లో చిన్న స్టూళ్ళ మీద కూర్చుని రెండు టీలు, సమోసాల సలాడ్ ఒకటి చెప్పాడు, ఆ నోట్లలోంచే ఇచ్చాడు. బిల్లు పద్నాలుగు వందలైంది. మిగిలిన పదహారు వందలు ఎయిర్‌పోర్ట్ టాక్సీకి సరిపోలేదు, అది నేనే వేసుకున్నాను.